గైడ్ లేకుండా విల్లుతో ఎల్క్ వేట: మాంసం మోయడం నుంచి మొదలుపెట్టవలసిన సన్నాహం

అమెరికా పశ్చిమ రాష్ట్రాలలో ఎల్క్ అనే పెద్ద లేడి జాతి జంతువును విల్లుతో వేటాడే కాలం దాదాపుగా సెప్టెంబర్ నెలలోనే వస్తుంది. గైడ్‌ను పెట్టుకోకుండా, నేషనల్ ఫారెస్ట్ వంటి ప్రభుత్వ భూములలో, సొంత కాళ్లనూ సొంత తీర్పునూ నమ్ముకుని ఈ వేటకు వెళ్లాలనుకునేవారు సాధారణంగా విల్లు కొనడంతో సన్నాహం మొదలుపెట్టి, సాధన చేసి, చోటు వెతికి, జంతువు దొరికితే మాంసం సంగతి అప్పుడు చూసుకోవచ్చని అనుకుంటారు. ఈ వరుస తలకిందులుగా ఉందని నా నిశ్చితాభిప్రాయం. నిండుగా ఎదిగిన మగ ఎల్క్ బతికి ఉండగా 300 కిలోలకు పైగా తూగుతుంది. ఎముకలన్నీ తీసేసిన తరువాత కూడా మన వీపు మీద మోయవలసిన మాంసం 80 నుంచి 110 కిలోల దాకా మిగులుతుంది. ఆ మాంసాన్ని చెడిపోకముందే కొండ దించగలమా అన్న ప్రశ్నకు వచ్చే జవాబే రహదారి నుంచి ఎంత దూరం వెళ్లాలో, ఏ బాణం వదలాలో, ఏది వదలకూడదో, ఒంటికి ఎంత శిక్షణ ఇవ్వాలో నిర్ణయిస్తుంది. అందుకే ఈ వ్యాసాన్ని చివరి పని నుంచి మొదటి పనికి, వెనక్కి నడిపిస్తున్నాను.

మాంసం

ముందు ఒక లెక్క వేయండి. మీరు ఒంటరిగా ఉన్నారు, ఎల్క్ వాహనానికి 3 కిలోమీటర్ల దూరంలో పడింది, మాంసాన్ని 5 మోతలుగా విభజించారు అనుకుందాం. 5 సార్లు బరువుతో దిగి, మధ్యలో 4 సార్లు ఖాళీగా ఎక్కితే మొత్తం 27 కిలోమీటర్ల నడక అవుతుంది. అందులో 15 కిలోమీటర్లు పాతిక కిలోల బరువుతో, బాట లేని వాలు మీద, పడిపోయిన చెట్ల దుంగలను దాటుకుంటూ నడవాలి. ఇద్దరు కలిసి 3 మోతల చొప్పున మోస్తే ఒక్కొక్కరి నడక 15 కిలోమీటర్లకు తగ్గుతుంది. తొలిసారి వెళ్లేవారు తోడు లేకుండా వెళ్లవద్దని నేను చెప్పడానికి భద్రత ఒక కారణమైతే, ఈ లెక్క రెండో కారణం. గుర్రాల మీద మాంసం దింపిపెట్టే వారు కొన్ని ప్రాంతాలలో ఉంటారు. అయితే నేషనల్ ఫారెస్ట్‌లను నిర్వహించే ఫారెస్ట్ సర్వీస్ అనుమతి ఉన్నవారితో సీజన్‌కు ముందే మాట్లాడి, వారు ఏ ప్రాంతానికి వస్తారో, కబురు పెడితే ఎన్ని గంటలలో రాగలరో తెలుసుకుని ఉండాలి. ఎల్క్ పడిన తరువాత వారి కోసం వెతకడం వృథా.

సెప్టెంబర్‌లో కొండల మీద రాత్రి నీరు గడ్డకట్టేంత చలి ఉన్నా, మధ్యాహ్నం 20 డిగ్రీలు దాటడం మామూలే. ఎల్క్ తోలు మందం, బొచ్చు దట్టం. తోలు ఒలవకుండా వదిలేస్తే లోపలి వేడి బయటికి పోదు, తొడ ఎముక తుంటిలో కలిసే చోట మాంసం అన్నిటికంటే ముందు పాడవుతుంది. అందుచేత జంతువు చనిపోయిందని నిర్ధారించుకున్న వెంటనే, లైసెన్సులోని ట్యాగ్ (జంతువు ఏ వేటగాడిదో తెలిపే చీటీ) పని ఆ రాష్ట్ర నియమం ప్రకారం పూర్తిచేసి, కత్తి తీయాలి. ఫొటోలకు కొన్ని నిమిషాలు చాలు.

ఒంటరిగా గానీ ఇద్దరుగా గానీ ఉన్నవారికి పొట్ట కోయకుండా మాంసం వేరుచేసే పద్ధతి అనువైనది. జంతువును ఒక పక్కకు పడుకోబెట్టి, తోక మొదలు నుంచి మెడ దాకా వెన్నెముక వెంబడి తోలును లోపలి వైపు నుంచి చీల్చి, పొట్ట వైపుకు ఒలిచి పరచాలి. ఆ తోలే మాంసానికి మట్టి అంటకుండా చాపలా పనికివస్తుంది. ముందు జబ్బకు దేహంతో ఎముక కీలు లేదు, కండరాలతో మాత్రమే అతుక్కుని ఉంటుంది కాబట్టి కాలును పైకెత్తి పట్టుకుని కింద కోస్తూ పోతే నిమిషాలలో ఊడివస్తుంది. వెనక తొడకు మాత్రం తుంటి దగ్గర గుండ్రని కీలు ఉంటుంది. కాలును వెనక్కి వంచుతూ కత్తి మొనతో తడుముకుంటే కీలు తెరుచుకునే చోటు తెలుస్తుంది, లోపలి నరాన్ని కోయగానే తొడ చేతికి వస్తుంది. తరువాత తుంటి నుంచి మెడ దాకా వెన్నుపూసకు ఆనుకుని పరుచుకున్న పొడవాటి కండ, ఆపై మెడ మాంసం, పక్కటెముకల నడుమ మాంసం తీయాలి. చివరి పక్కటెముక వెనక సన్నగా చీల్చి, పొట్టను చేత్తో కిందికి నొక్కిపట్టి, వెన్నెముక లోపలి వైపున ఉండే మెత్తని కండను వేళ్లతో విడదీసి తీసుకోవాలి. ఇక్కడ తొందరపడి పొట్టకు కత్తి తగిలిస్తే పక్కనున్న మాంసమంతా కంపు పడుతుంది. ఆ పక్క పూర్తయ్యాక జంతువును తిరగేసి ఇదే వరుసలో రెండో పక్క కానివ్వాలి.

కోసిన ప్రతి ముక్కనూ గాలి ఆడే గుడ్డ సంచులలో వేసి, నీడలో, వీలైతే వాగు ఒడ్డున చల్లని గాలి వీచే చోట కొమ్మకు వేలాడదీయాలి. ప్లాస్టిక్ సంచులు వేడినీ చెమ్మనూ లోపలే ఉంచేస్తాయి కనుక అవి ఈ పనికి వద్దు. ఎముకలు తీసేస్తే బరువు తగ్గుతుంది, మాంసం త్వరగా చల్లారుతుంది. అయితే కొలరాడో వంటి రాష్ట్రాలలో జంతువు మగదో ఆడదో తెలిపే ఆనవాలు మాంసంలో ఒక పెద్ద భాగానికి సహజంగా అంటిపెట్టుకుని ఉండాలన్న నియమం ఉంది. ఎముకలు తీసేటప్పుడు దానిని మరచిపోకూడదు. తినదగిన మాంసాన్ని అడవిలో వదిలివేయడం నేరం. కొమ్ములను చివరి మోతలోనే దించండి. కొమ్ములు ముందు వాహనంలోకి చేరి, మాంసం కొండ మీద ఎండలో ఉండిపోవడం ఏ వేటగాడికీ శోభనివ్వదు.

వాహనంలో పెద్ద కూలర్లు రెండు, వాటిలో ఇంటి దగ్గరే గడ్డకట్టించిన నీళ్ల డబ్బాలు పెట్టుకుని వెళితే, డబ్బాలోని మంచు కరిగినా మాంసం నీటిలో నానదు. మోంటానా, వ్యోమింగ్, ఐడహో రాష్ట్రాలలో ఎల్లోస్టోన్ జాతీయ ఉద్యానం చుట్టుపక్కల గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరుగుతాయి. అక్కడ మాంసాన్ని పేగులూ పొట్టా పడివున్న చోటి నుంచి వంద మీటర్లకు పైగా దూరం జరిపి, దూరం నుంచే కనిపించే చోట వేలాడదీయాలి. రెండో మోతకు తిరిగి వచ్చేటప్పుడు గట్టిగా మాట్లాడుకుంటూ, ఎలుగుబంటిని తరిమే కారపు స్ప్రేను చేతిలో పట్టుకుని రావాలి. స్ప్రే సంచి అడుగున ఉంటే లేనట్టే.

ఇంకొక సంగతి. లేళ్ల జాతి జంతువుల మెదడును తినివేసే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్‌ను తొలిసారి 1967లో కొలరాడోలోని ఒక పరిశోధన కేంద్రంలో గమనించారు. ఇప్పుడది చాలా రాష్ట్రాలకు పాకింది. మనుషులకు సోకినట్టు రుజువు లేకపోయినా, వ్యాధి ఉన్నట్టు తేలిన జంతువు మాంసాన్ని తినవద్దని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. వండితే ఈ వ్యాధి కారకం నశించదు. మీరు వేటాడే ప్రాంతంలో వ్యాధి ఉంటే తల నుంచి నమూనా ఇప్పించి, ఫలితం వచ్చేదాకా మాంసాన్ని విడిగా ఉంచండి. మెదడు, వెన్నెముక భాగాలను రాష్ట్ర సరిహద్దు దాటించడంపై చాలా చోట్ల నిషేధం ఉంది.

బాణం వదిలే క్షణమూ ఆ తరువాతి గంటలూ

విల్లు వేటలో బాణం జంతువును అదాటున పడగొట్టదు. పదునైన ములికి ఊపిరితిత్తులను చీల్చి, నెత్తురు పోయేలా చేసి చంపుతుంది. ఈ ఒక్క సత్యం నుంచే మిగతా నియమాలన్నీ పుడతాయి. ఎల్క్ పూర్తిగా పక్కకు తిరిగి నిలబడినప్పుడు, లేదా తల అవతలి వైపుకు పెట్టి కాస్త ఏటవాలుగా నిలబడినప్పుడు మాత్రమే బాణం వదలాలి. పక్కకు నిలబడితే ముందు కాలి మడత వెనక, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర గురి పెట్టాలి. ఏటవాలుగా ఉంటే అవతలి ముందు కాలు మీదికి బాణం పోయేలా లెక్కవేసుకుని, గురిని ఆ మేరకు వెనక్కి జరపాలి. మన వైపుకు తిరిగి నిలబడిన జంతువుకు జబ్బ ఎముక, రొమ్ము ఎముక అడ్డుంటాయి. ఎదురు రొమ్ములోకి బాణం వేసి విజయం పొందినవారు ఉన్నారని వినవచ్చు. వేళ్ల వెడల్పున గురి తప్పితే గాయపడి తప్పించుకునే జంతువును తలచుకుంటే అలాంటి బాణాన్ని నేను సమర్థించలేను.

బాణం తగిలిన వెంటనే ఏం చేయాలన్నది ఇంటి దగ్గరే వల్లె వేసుకుని ఉండాలి, ఎందుకంటే ఆ నిమిషంలో చేతులు వణుకుతాయి, బుద్ధి పనిచేయదు. మీరు నిలబడిన చోటును, జంతువు నిలబడిన చోటును, అది చివరిసారి కనిపించిన చెట్టును గుర్తుపెట్టుకోండి. ఆడ ఎల్క్ కూతను అనుకరించి ఒకసారి మెల్లగా కూస్తే పరుగెత్తుతున్న జంతువు ఒక్కోసారి ఆగుతుంది. తరువాత కదలకుండా కూర్చుని చెవులు రిక్కించండి. కొంత సేపటికి మెల్లగా లేచి బాణాన్ని వెతికి పరీక్షించండి. లేత ఎరుపు నెత్తురులో సన్నని బుడగలు ఉంటే ఊపిరితిత్తులకు తగిలినట్టు. అరగంట నుంచి ముప్పావు గంట ఆగి జాడ పట్టుకుంటే, చాలాసార్లు రెండు వందల గజాలలోపే జంతువు కనిపిస్తుంది. నెత్తురు ముదురు రంగులో ఉంటే కాలేయానికి తగిలి ఉండవచ్చు, 4 నుంచి 6 గంటలు ఆగాలి. ఆకుపచ్చని పసరు, దుర్వాసన ఉంటే పొట్టకు తగిలినట్టే. 8 నుంచి 12 గంటలు ఆగక తప్పదు. ఎండగా ఉన్నప్పుడు అంత సేపు ఆగితే మాంసం పాడవుతుందేమోనన్న ఆందోళన న్యాయమైనదే. అయినా తొందరపడి వెంబడిస్తే, పడుకుని ప్రాణం విడిచే జంతువు లేచి మరో రెండు కొండలు దాటిపోతుంది. అప్పుడు జంతువూ దక్కదు, మాంసమూ దక్కదు. నెత్తుటి చుక్క కనిపించిన ప్రతిచోటా ఒక రంగు రిబ్బన్ ముక్క కట్టుకుంటూ వెళితే, జాడ ఆగిపోయిన చోట వెనక్కి తిరిగి చూసి అది ఏ దిక్కున సాగుతున్నదో ఊహించవచ్చు. జాడ పూర్తిగా పోయినా వెతకడం మానవద్దు. ఆ ప్రాంతాన్ని పట్టీలుగా విభజించుకుని, గజం గజం గాలించాలి.

విల్లు, సాధన

కాంపౌండ్ విల్లు (చివర్లలో చక్రాలున్న ఆధునిక విల్లు) డ్రా వెయిట్, అంటే దానిని లాగడానికి కావలసిన బలం, 60 పౌండ్లు ఉంటే ఎల్క్‌కు చాలు. 70 పౌండ్ల విల్లును కష్టపడి, ఆకాశం వైపు ఎత్తి లాగేవారికంటే, 60 పౌండ్ల విల్లును కూర్చున్నచోటే నిశ్శబ్దంగా లాగి ఒక నిమిషం పాటు పట్టుకోగలిగినవారికే అడవిలో అవకాశం ఎక్కువ. కొలరాడోలో చట్టం అడిగే కనీసం 35 పౌండ్లే. కానీ చట్టం చెప్పిన కనీసాన్ని ఇంత పెద్ద జంతువుకు కొలమానంగా తీసుకోకూడదు. వైకల్యం ఉన్నవారికి ఇచ్చే ప్రత్యేక అనుమతి లేనివారు విల్లు సీజన్‌లో కొలరాడోలో క్రాస్‌బో (తుపాకీలా మీట నొక్కి వదిలే అడ్డ విల్లు) వాడకూడదు. బాణం మొత్తం బరువు 425 నుంచి 500 గ్రెయిన్ల (బాణాలను తూచే చిన్న ప్రమాణం) మధ్య ఉంటే వేగమూ లోతుగా దిగే శక్తీ రెండూ సమపాళ్లలో ఉంటాయి. ములికి విషయంలో వాదాలు ఎన్నో ఉన్నా, విచ్చుకునే రకంకంటే రెక్కలు కదలని బ్రాడ్‌హెడ్‌నే (వేటకు వాడే పదునైన రెక్కల ములికి) ఎల్క్‌కు నేను ఇష్టపడతాను. పక్కటెముకకు తగిలినా దాని శక్తి వృథా పోదు.

అలాంటి బ్రాడ్‌హెడ్‌కు ఒక షరతు ఉంది. విల్లు సరిగ్గా ట్యూన్ కాకపోతే దాని రెక్కలు గాలిని పట్టి బాణాన్ని పక్కకు తోస్తాయి. సాధన ములికితో ఒక బాణం, బ్రాడ్‌హెడ్‌తో ఒక బాణం ఒకే బిందువుకు గురిపెట్టి వేయండి. రెండూ ఒకే చోట పడేదాకా బాణం ఆనే రెస్ట్‌ను రవ్వంత రవ్వంత జరుపుతూ పోవాలి. ఈ పని జూన్‌కల్లా ముగించి, ఆపై విల్లు మీద ఏదీ మార్చకుండా ఉండటం మంచిది. సాధనకు వాడిన బ్రాడ్‌హెడ్ మొద్దుబారుతుంది, కాబట్టి వేటకు పదునైనవి విడిగా దాచుకోండి.

వేసవి అంతా వంద బాణాలు వరసగా వేసినదానికంటే, రోజూ ఉదయం ఒళ్లు వేడెక్కకముందే వేసే మొదటి బాణానికి విలువ ఎక్కువ. అడవిలో మీకు దక్కేది ఆ మొదటి బాణమే. అది ఎంత దూరం దాకా 20 సెంటీమీటర్ల వలయంలో తప్పకుండా పడుతున్నదో రాసి పెట్టుకుని, గుండె దడదడలాడే వేళకు ఆ దూరంలో మరికొంత తగ్గించుకుంటే వచ్చేదే మీ హద్దు. చాలా మందికి అది 40 గజాలు మించదు. 30 గజాలని తేలితే దానిని గౌరవించండి. మోకాళ్ల మీద, కూర్చుని, వీపున సంచితో, వేట దుస్తులతో, పరుగెత్తి వచ్చి ఊపిరి అందని స్థితిలో వేసి చూడండి. కొండవాలు మీద బాణం పడే తీరు నేలకు సమాంతరంగా ఉన్న దూరాన్ని బట్టే ఉంటుంది. 30 డిగ్రీల వాలున కంటికి 40 గజాలున్న జంతువుకు విల్లు మీది గురి పరికరం (సైట్)లో 35 గజాలకు పనికివచ్చే గురి పుల్ల (పిన్)తో వేయాలి. దూరంతో పాటు కోణాన్ని కూడా లెక్కించే పరికరం, రేంజ్‌ఫైండర్, ఈ పని చేసిపెడుతుంది. కిందికి వేసేటప్పుడు చేతులు దించకుండా నడుము వద్ద వంగాలి.

విల్లును ఎండలో ఉన్న కారులో వదలకండి. చేరుకున్న రోజే నాలుగు బాణాలు వేసి, ప్రయాణంలో సైట్ కదలలేదని నిర్ధారించుకోండి. విల్లు తాడును పట్టి వదిలే పరికరం, రిలీజ్ ఎయిడ్, పోతే వేట అక్కడితో ఆగిపోతుంది, కాబట్టి రెండోది తప్పనిసరి. బాణాన్ని విల్లుకు తగిలించి చీకటిలో నడవడం, పడిన చెట్ల మీద నడవడం ప్రాణాంతకం. తెరిచి ఉన్న బ్రాడ్‌హెడ్ తొడలోని రక్తనాళాన్ని తెగ్గొట్టగలదు. నెత్తురు కారకుండా బిగించే టోర్నికే పట్టీని అందరికీ తెలిసిన జేబులో ఉంచుకుని, దానిని బిగించడం ఒంటి చేత్తో సాధన చేసి ఉండాలి.

ఒళ్లు, ఎత్తు

కొలరాడో ఎల్క్ సెప్టెంబర్‌లో ఎక్కువగా 8,000 నుంచి 11,000 అడుగుల ఎత్తున తిరుగుతుంది. సముద్రమట్టానికి దగ్గరగా నివసించేవారికి మొదటి రెండు రోజులు తలనొప్పి, నిద్రలేమి, ఆకలి మందగించడం సహజం. సీజన్ మొదలయ్యేదానికి రెండు రోజుల ముందే చేరుకుని, తక్కువ ఎత్తులో ఒక రాత్రి గడిపి పైకి వెళ్లండి. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, నడకలో తూలడం కనిపిస్తే అది ఊపిరితిత్తులకో మెదడుకో వచ్చే తీవ్రమైన ఎత్తు జబ్బు; దానికి మందు కిందికి దిగడమే, అదీ వెంటనే.

శిక్షణ మార్చి, ఏప్రిల్ నెలలలో మొదలుపెడితే తొందర ఉండదు. వారానికి రెండుసార్లు 10 కిలోల సంచితో మెట్లెక్కి దిగడంతో మొదలుపెట్టి, ఆగస్టుకు 25 కిలోలకు చేరుకోవాలి. దిగడాన్ని తేలికగా తీసుకోవద్దు. మాంసంతో దిగేటప్పుడు మోకాళ్లూ తొడ కండరాలూ ఎక్కేటప్పటికంటే ఎక్కువ దెబ్బతింటాయి. సీజన్‌లో వేసుకోబోయే బూట్లతోనే ఈ నడక అంతా సాగాలి.

దుస్తులలో నూలు వద్దు. మెరీనో ఉన్ని లోపల, వెచ్చని పొర మధ్యన, వాన ఆపే చొక్కా పైన. మంచు కురిసే రాత్రికి తగిన పరుపు సంచి, నీరు శుద్ధిచేసే ఫిల్టర్, రెండు తలదీపాలు ఉండాలి. ఫోన్ సిగ్నల్ లేనిచోట ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరం ఉంటే ఇంట్లోవారికి నిద్రపడుతుంది. మీరు ఏ దారిన వెళ్లి ఏ రోజు తిరిగివస్తారో రాసి ఒకరి చేతికి ఇవ్వండి. మధ్యాహ్నం ఉరుములు మొదలయ్యేలోగా చెట్లు లేని గట్టుల మీద నుంచి దిగివేయండి.

గాలి, కూత

ఎల్క్ కంటిని మోసగించవచ్చు, చెవిని ఇంకా తేలికగా మోసగించవచ్చు. ముక్కును మాత్రం ఎవరూ మోసగించలేరు. కొండలలో గాలి ఎండను అనుసరిస్తుంది. రాత్రీ తెల్లవారుజామునా చల్లబడిన గాలి బరువెక్కి వాలు వెంబడి కిందికి జారుతుంది. వాలుకు ఎండ తగిలి, పొద్దు బాగా పైకి వచ్చేసరికి దిశ మారి పైకి పాకుతుంది. సాయంత్రం నీడ పడగానే మళ్లీ కిందికి. ఈ మార్పు జరిగే అరగంటలో గాలి ఎటు పడితే అటు సుడి తిరుగుతుంది, అప్పుడు ఎక్కడున్నవారు అక్కడే కూర్చోవడం మేలు. చిన్న సీసాలో సన్నని పొడి పెట్టుకుని, పది అడుగులకోసారి వదిలి చూస్తుండాలి. ఉదయం ఎల్క్ పచ్చిక మైదానాల నుంచి ఉత్తరం వైపు వాలులోని చీకటి స్ప్రూస్ అడవిలోకి పడుకోవడానికి ఎక్కుతుంది, కాబట్టి గాలి దిగుతున్నంత సేపూ దానికి కింది వైపున ఉండి వెంబడించి, గాలి మారేలోగా పక్కకు జరిగి అదే ఎత్తుకు చేరాలి. గుడారం వేసే చోటును కూడా ఈ లెక్కతోనే ఎంచుకోండి. మైదానానికి పైన గుడారం వేస్తే మీ వాసన రాత్రంతా అందులోకి దిగుతూ ఉంటుంది.

సెప్టెంబర్ తొలివారంలో మగ ఎల్క్ అంతగా కూయదు. నీటి గుంటలు, బురదలో పొర్లాడే చోట్ల దగ్గర ఓపికగా కాచుకుని ఉండటం అప్పటి పద్ధతి. నెల మధ్య నుంచి చివరిదాకా ఎద ముదిరి, లోయలన్నీ బ్యూగల్ అనే మగ ఎల్క్ కూతతో మారుమోగుతాయి. దూరాన బ్యూగల్ వినగానే బదులు కూయాలన్న కోరికను అణుచుకోండి. అనేకమంది కూతలు విని విసిగిన ప్రభుత్వ భూమి ఎల్క్, తన ఆడవాటిని కూడగట్టుకుని అవతలికి వెళ్లిపోతుంది. గాలికి ఎదురుగా నిశ్శబ్దంగా వంద గజాల దాకా చేరి, అప్పుడు ఆడ ఎల్క్ కూతను మెల్లగా ఒకటి రెండుసార్లు వినిపించండి. ఇద్దరుంటే కూసేవారు 50 నుంచి 100 గజాలు వెనక ఉండాలి. మగ ఎల్క్ కూత వచ్చిన చోటును చూసుకుంటూ, వాసన కోసం గాలి వాలుకు తిరిగి వస్తుంది; విల్లు పట్టినవారు ఆ తిరిగివచ్చే దారికి పక్కన ఉండాలి. ఒంటరిగా ఉన్నవారు కూసి, వెంటనే ముప్పై నలభై గజాలు ముందుకూ పక్కకూ జరిగి కాచుకోవాలి. పొద వెనక నక్కితే బాణం వదలడానికి చోటుండదు. పొద ముందు మోకాళ్ల మీద కూర్చుంటే వెనకనున్న ఆకులలో మీ రూపం కలిసిపోతుంది. ఎల్క్ తల చెట్టు చాటుకు వెళ్లినప్పుడే విల్లు లాగండి.

చోటు

మాంసం లెక్క ఇక్కడికి తిరిగి వస్తుంది. వాహనం నుంచి మీరు మోయగల దూరం ఎంతో తేల్చుకుని, పటం మీద ఆ వ్యాసార్థంతో గీత గీసి, దాని లోపలే వెతకండి. ఆన్ఎక్స్, గయా వంటి యాప్‌లు ప్రభుత్వ, ప్రైవేటు భూముల హద్దులను చూపిస్తాయి. ఫారెస్ట్ సర్వీస్ ఇచ్చే మోటారు వాహనాల పటం ఏ దారిన బండి వెళ్లవచ్చో చెబుతుంది. ఉత్తరం వైపు దట్టమైన అడవి, దాని కింద పచ్చిక, దగ్గరలో నీరు, ఈ మూడూ బండ్లు రాని వాలులో కలిసే చోట్లు గుర్తించుకోండి. కొన్నేళ్ల కిందట మంటలు వచ్చి, గడ్డి దట్టంగా మొలిచిన ప్రదేశాలు, రెండు లోయలను కలిపే కనుమలు కూడా చూడదగినవి. ఒక్క చోటునే నమ్ముకుంటే, అక్కడ నాలుగు బండ్లు ముందే నిలిచి ఉన్నప్పుడు దిక్కుతోచదు. కనీసం ఐదు చోట్లు చేతిలో ఉండాలి. కొలరాడోలో కంచె గానీ బోర్డు గానీ లేకపోయినా ప్రైవేటు భూమిలోకి అనుమతి లేకుండా అడుగుపెట్టడం నేరం. రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్ వంటి జాతీయ ఉద్యానాలలో సాధారణంగా ప్రజలకు వేట అనుమతి లేదు.

లైసెన్సు

అన్నిటికంటే ముందు చేయవలసిన పని ఇది, అదీ చలికాలంలోనే. కొలరాడోలో రెండున్నర లక్షలకు పైగా ఎల్క్ ఉన్నాయి, మరే రాష్ట్రంలోనూ అన్ని లేవు. అందుకే తొలిసారి వెళ్లేవారు ఎక్కువగా దానినే ఎంచుకుంటారు. అయినా విల్లు వేటగాళ్లలో పదిమందిలో ఒకరికి అటూ ఇటూగా మాత్రమే ఎల్క్ దక్కుతుంది. బయటి రాష్ట్రాలవారు చాలా యూనిట్లకు (రాష్ట్రం విభజించిన వేట ప్రాంతాలకు) విల్లు లైసెన్సును దుకాణంలో నేరుగా కొనే వీలు 2024తో ముగిసింది. ఇంటర్‌స్టేట్ 25 రహదారికి పశ్చిమాన ఉన్న యూనిట్లకు 2025 నుంచి వారు లాటరీలో దరఖాస్తు పెట్టుకోవాలి. పాత వీడియోలు చూసి ఆగస్టులో కొనుక్కోవచ్చని నమ్మి కూర్చునేవారు ఇప్పటికీ ఉన్నారు. బయటివారి ఎల్క్ లైసెన్సు రుసుము 800 డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది. చాలా యూనిట్లలో మగ ఎల్క్‌కు ఒక కొమ్మున కనీసం 4 మొనలు గానీ, 5 అంగుళాల కనుబొమ మొన (కొమ్ము మొదట్లో కళ్ల పైన ముందుకు వచ్చే మొన) గానీ ఉంటేనే వేటాడాలి, కాబట్టి మీ యూనిట్ నియమాన్ని రాష్ట్ర వేట పుస్తకంలో చదివి రాసుకోండి.

వ్యోమింగ్‌లో కేంద్రం విల్డర్‌నెస్‌గా, అంటే రోడ్లు వేయని సంరక్షిత అడవులుగా, ప్రకటించిన ప్రాంతాలలో బయటి రాష్ట్రాలవారు గైడ్ గానీ, తగిన అనుమతి పొందిన స్థానికుడు గానీ వెంట లేకుండా పెద్ద జంతువులను వేటాడకూడదు. కాబట్టి గైడ్ లేని వేటకు ఆ ప్రాంతాలను పటం మీద ముందే కొట్టేయండి. బయటివారికి అక్కడి ఎల్క్ దరఖాస్తు గడువు ఫిబ్రవరి తొలి రోజులలోనే ముగుస్తుంది. మోంటానాకు ఏప్రిల్ 1, కొలరాడోకు సాధారణంగా ఏప్రిల్ మొదటి మంగళవారం. మోంటానా, ఐడహోలు విల్లు వేట శిక్షణ పత్రాన్నో, పాత విల్లు లైసెన్సునో అడుగుతాయి. కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారికి హంటర్ ఎడ్యుకేషన్ (వేట భద్రతా శిక్షణ) పత్రం తప్పనిసరి. ఆ తరగతిలో చోటు దొరకడానికి వారాలు పట్టవచ్చు, పైగా పత్రం సంఖ్య లేకుండా దరఖాస్తు ముందుకు సాగదు. కాబట్టి వచ్చే సెప్టెంబర్‌లో వెళ్లదలచినవారు జనవరిలోనే తరగతికి పేరు నమోదు చేసుకుని, ఏప్రిల్ గడువుకు ముందే ఆ పత్రాన్ని చేతిలో పెట్టుకోవాలి.